మండల విలేకరి జీతం ఏ పద్దులో?

నాలుగు వారాలకు 144 గంటలు. విలేకరితో అంతకు మించి పని చేయించకూడదని 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం చెప్పింది. వారానికి ఆరు రోజుల పని అనుకుంటే రోజుకు ఆరు గంటలు. అర్ధరాత్రి హైవే మీద లారీ బోల్తాపడితే ఫోన్ మోగేది మండల విలేకరికే. అతని గంటలు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

ఆ చట్టం కిందే, జీతాలు సిఫార్సు చేసే వేజ్‌బోర్డులు వచ్చాయి. చివరిది జస్టిస్ మజీఠియా బోర్డు. స్థూల ఆదాయాన్ని బట్టి అది పత్రికలను 8 తరగతులు చేసింది. 1,000 కోట్ల రూపాయలు, ఆపైన వస్తే మొదటి తరగతి. కోటి లోపైతే ఎనిమిదోది. పత్రిక స్తోమతను బట్టి జీతం ఉండాలన్న ఈ పద్ధతి న్యాయమైనదే. 2011 నవంబరు 11న నోటిఫై చేసి, 2010 జూలై 1 నుంచే వర్తిస్తుందన్నారు. యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సిఫార్సులను సమర్థించి, బకాయిలను ఏడాదిలోగా నాలుగు వాయిదాల్లో ఇమ్మంది. చాలాచోట్ల ఇవ్వలేదు. పాత జీతమే చాలని ఉద్యోగుల చేత సంతకాలు పెట్టించుకున్న పత్రికలున్నాయి. అలా రాసిచ్చినా చెల్లదని, కాంట్రాక్టు ఉద్యోగులకూ బోర్డు జీతమే ఇవ్వాలని 2017 జూన్ 19న కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. యాజమాన్యాలది కోర్టు ధిక్కారమని మాత్రం తేల్చలేదు. బకాయి కావలసినవాళ్లు చట్టం చూపిన దారిలో కార్మికశాఖకు వెళ్లాలంది. ఉద్యోగంలో ఉంటూ సొంత యాజమాన్యం మీద అర్జీ పెట్టడానికి ఎంతమందికి ధైర్యం చాలుతుంది?

ఇదంతా జీతాల పట్టీలో పేరున్నవాళ్ల సంగతి. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఆ పేజీలు నింపేది మండలాల్లోని కంట్రిబ్యూటర్లు. వాళ్లకు నెల జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన మేరకే డబ్బు. తిరిగిన పెట్రోలు, డెస్క్ కత్తిరించిన పేరాలు విలేకరి నష్టమే. చాలామందికి దీనికితోడు ప్రకటనల టార్గెట్, వాటి మీద కమిషన్. ఆగస్టు 15కు శుభాకాంక్షల యాడ్ కోసం సర్పంచి చుట్టూ తిరిగిన మనిషే, వారం తిరక్కుండా అదే ఊరి ఉపాధి హామీ మస్టర్లలో దొంగపేర్ల గురించి రాయాలి. రాయగలడా? పాఠకుడు నష్టపోయేది అక్కడే.

చట్టం పార్ట్‌టైమ్ వాళ్లనూ జర్నలిస్టులుగా గుర్తించింది. అయితే జర్నలిజమే ప్రధాన వృత్తి కావాలి, పత్రికే నియమించి ఉండాలి. లైన్ అకౌంట్‌తో ఇల్లు గడవక కిరాణా కొట్టో, బీమా ఏజెన్సీయో చూసుకున్నాడా, ఇక ప్రధాన వృత్తి అదేననడానికి వీలు దొరుకుతుంది. చాలీచాలని డబ్బులిచ్చి వేరే పనికి తరిమిన వాళ్లే, ఆ పనిని చూపించి జీతం ఎగ్గొట్టవచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. టీవీ, డిజిటల్ విలేకరులను నిర్వచనంలో చేర్చడం మంచి పని. 144 గంటల పరిమితి ఉంది. జర్నలిస్టుల కోసం వేజ్‌బోర్డు వేసే ఏర్పాటు లేదు. ప్రధాన వృత్తి షరతు అలాగే ఉంది.