చెంబెడు పాలు.. ట్యాంకరుకు చేటు!
మందుల జాడను వెలుగుతో పట్టే పరీక్ష

హోసూరు: మూకండపల్లిలో తెల్లవారకముందే టీ బంకులు తెరుచుకుంటాయి. సిప్‌కాట్ మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు నిలబడి టీ తాగి పోతుంటారు. ఆ పాలు ఎక్కడివని ఎవరూ అడగరు. పల్లెల్లో పితికిన పాలు సొసైటీ క్యాన్లలో కలిసి, శీతల కేంద్రానికి చేరి, ఆపై ట్యాంకరెక్కుతాయి. అన్నీ ఒక్కటయ్యాక ఏవి ఎవరి ఆవు పాలో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. చిక్కంతా అక్కడే!

పొదుగువాపు వచ్చిన ఆవుకు యాంటీబయాటిక్ ఇంజక్షను వేస్తారు. లేదంటే చన్నులోకి ట్యూబు ఎక్కిస్తారు. రెండు మూడు రోజుల్లో వాపు తగ్గినా, మందు మాత్రం పాలల్లోకి దిగుతూనే ఉంటుంది. కాచినా పూర్తిగా పోదు. పెన్సిలిన్ పడనివారికి అలాంటి పాలు ప్రమాదం. తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు. తోడులో ఉండేవీ సూక్ష్మజీవులే కదా, మందు వాటినీ వదలదు. అంతకుమించిన భయం మరొకటుంది. కొద్దికొద్దిగా మందు తగులుతూ ఉంటే రోగక్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. రేపు మనకు జ్వరమొస్తే అదే మందు పనిచేయకపోవచ్చు.

సొసైటీలో చూసేది ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్. నీళ్లు కలిపితే దొరికిపోతారు. మందు కలిస్తే ఆ యంత్రానికి తెలియదు.

రంగు మారకపోతే అనుమానమే

డెయిరీల్లో ఎక్కువగా వాడే పరీక్ష ఒకటుంది. వేడిని తట్టుకునే ఒక బ్యాక్టీరియాను ఊదారంగు జెల్లీలో ఉంచి, దానిపై కొద్దిగా పాలు వేసి 64 డిగ్రీల వేడిలో సుమారు మూడు గంటలు ఉంచుతారు. పాలు మంచివైతే బ్యాక్టీరియా పెరిగి జెల్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. మందు ఉంటే ఊదాగానే మిగిలిపోతుంది.

దీనికి భిన్నమైన దారి పట్టారు ఫిన్లండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు. సహజంగా వెలిగే ఒక బ్యాక్టీరియా జన్యువులను తీసి ఈ-కోలైలో పెట్టారు. వాటికి ఒక తాళం కూడా వేశారు. ఆ తాళాన్ని తీసే చెవి టెట్రాసైక్లిన్! మందు తగిలితేనే తాళం ఊడి, బ్యాక్టీరియా వెలుగుతుంది. ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. 1998లో ఈ బ్యాక్టీరియా గురించి ప్రకటించారు. 2000లో పాలతోనూ చేసి చూపారు. ఫలితం రెండు గంటల ప్రాంతంలో తేలుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం లీటరు పాలలో టెట్రాసైక్లిన్ 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అంత తక్కువ మోతాదునూ పసిగట్టాలన్నదే ఇలాంటి పరీక్షల లక్ష్యం.

పాలలోని కాల్షియం ఈ మందును పట్టి ఉంచుతుంది. ఈ మాత్ర ఇచ్చినప్పుడు పాలతో మింగొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. పాలను పరీక్షించేటప్పుడూ ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాల్సిందే.

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అనుకుంటే పొరపాటు. టెట్రాసైక్లిన్ తాళానికి పెన్సిలిన్ చెవి పట్టదు. పొదుగువాపుకు పెన్సిలిన్ జాతి మందులూ విరివిగా వాడతారు. అవి ఉన్నా ఈ బ్యాక్టీరియా వెలగదు. పైగా వెలుగును కొలిచే యంత్రం, తర్ఫీదు పొందిన మనిషి కావాలి. గ్రామ సొసైటీ బల్ల మీద తేలిపోయే పని కాదు.

పారబోసే పాలకు దిక్కెవరు?

2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే, 77 నమూనాల్లో యాంటీబయాటిక్‌లు పరిమితికి మించి ఉన్నట్టు తేలింది. నూటికి ఒకటికి కాస్త పైన. చిన్న లెక్కే. కానీ ఆ ఒక్కటీ ఏ క్యాన్లో పడిందన్నదే ప్రశ్న.

మందు వాడాక ఎన్నాళ్లు పాలు పోయకూడదో సీసా మీద రాయాలన్న నిబంధన 2012లో వచ్చింది. గడువు నిర్ధారణ కాని మందైతే పాలకు కనీసం 7 రోజులు. రోజుకు 10 లీటర్లిచ్చే ఆవుంటే 70 లీటర్లు పారబోయాలి. లీటరు 35 రూపాయల లెక్కన 2,450 రూపాయలు. రెండావులున్న ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు. మందు ఖర్చు దీనికి అదనం. ఈ నష్టం ఎవరు భరిస్తారో తేల్చకుండా ఎన్ని పరీక్షలు తెచ్చినా, రైతు చెయ్యి క్యాన్ వైపే పోతుంది.

ప్రస్తుతానికి రైతు చేతిలో ఉన్నవి కొన్నే. మందేసిన తేదీ గోడ మీద రాసుకోవాలి. ఆ ఆవు కాలికి గుర్తుగా గుడ్డ కట్టాలి. దాన్ని చివర్లో పితికి, చెంబు వేడినీళ్లతో కడగాలి. ఒక చన్నుకే ట్యూబు ఎక్కించినా మిగతా మూడింటి పాలూ పోయకూడదు.