కాలువ చేప, గాలం, పులుసు: కొన్ని అపోహలు – వాస్తవాలు

బండారులంక అనగానే అందరికీ మగ్గాలు, నూలు చీరలు గుర్తొస్తాయి. అమలాపురం పక్కనే ఉన్న ఈ ఊరికి ఇంకో ఆస్తి కూడా ఉంది. ఊరి చుట్టూ పంట కాలువలు, బోదెలు, మురుగు కోడులు, వాటిలో ఎవరూ పెంచకుండానే పెరిగే చేపలు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచి మధ్య డెల్టాకు మళ్ళిన గోదావరి నీళ్ళే వీటికి ఆధారం. కొర్రమీను, మట్టగిడస, గొరక, ఇంగిలాయి, మార్పు, పరిగె, జెల్ల, బొమ్మిడాయి. సాయంత్రం పూట వెదురు గెడ, నైలాన్ దారం, చిన్న గాలం, కొబ్బరి చిప్పలో నాలుగు వానపాములు పెట్టుకుని గట్టున కూర్చునేవాళ్ళు కోనసీమలో ఇప్పటికీ కనిపిస్తారు.

చల్లని దేశాల కొండవాగుల్లో ట్రౌట్ అనే చిన్న చేపను ఈకలతో, దారంతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎరగా వేసి పడతారు. ఆ చేప ఏ వేళకు ఏ పురుగు తింటుందో, ఏ రాయి చాటున నిలబడుతుందో చెప్పే పుస్తకాలు అక్కడ కోకొల్లలు. మన కాలువ చేపలను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు తక్కువ. చూడనిచోట అపోహలు పెరుగుతాయి. వాటిలో కొన్ని హాని లేనివి, కొన్ని మాత్రం చేపల ప్రాణాల మీదికి, అప్పుడప్పుడు మనుషుల ప్రాణాల మీదికి కూడా తెస్తున్నాయి.

అపోహ: గట్టు మీద మాట్లాడితే చేపలు పారిపోతాయి.

వాస్తవం: గాలిలో పుట్టిన శబ్దంలో దాదాపు అంతా నీటి పైతలం మీద తగిలి వెనక్కి పోతుంది. లోపలికి దిగేది వెయ్యో వంతు మాత్రమే. మీరు మెల్లగా కబుర్లు చెప్పుకున్నా కాలువలోని పరిగెకు పట్టింపు లేదు. దానికి పట్టేది గట్టు మీద పడే అడుగు. నేల అదురు నేరుగా నీళ్ళలోకి పాకుతుంది, చేప ఒంటి పక్కగా ఉండే గీత లాంటి అవయవం ఆ అదురును పసిగడుతుంది. పరిగెలకు, జెల్లలకు గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల వరుస కూడా ఉంటుంది. అందుకే అవి మిగతా చేపలకంటే బాగా వింటాయి. రెండో శత్రువు నీడ. కొంగల వల్ల, లకుముకి పిట్టల వల్ల పైనుంచి కదిలే నీడంటే చేపకు చావు భయం. సూర్యుడు మీ వెనకుంటే మీ నీడ నీళ్ళ మీద పడుతుంది, ఎదురుగా ఉంటే పడదు. చెప్పులు విడిచి, మెల్లగా నడిచి, పొద్దుకు ఎదురుగా కూర్చోండి. గాలానికి చేప పడటం అదృష్టం అంటారు గానీ అందులో సగం ఇదే.

అపోహ: కాలువకు నీళ్ళొస్తే చేపలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

వాస్తవం: ఇన్ని అపోహల్లో ఎక్కువ నష్టం చేసింది ఇదేనని నా నమ్మకం. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకే చేపలు కనిపిస్తాయి. చూసేవాళ్ళకు అవి నీళ్ళతో పాటే పుట్టినట్టు అనిపిస్తుంది. కొన్ని గోదావరి నుంచి నీళ్ళతో కొట్టుకొస్తాయి, నిజమే. ఎక్కువ భాగం మాత్రం ఎండాకాలమంతా ఇక్కడే దాక్కున్నవి. కొర్రమీను, మట్టగిడస, గొరక, ఇంగిలాయి, మార్పు అనే ఈ ఐదూ మొప్పలతో పాటు నేరుగా గాలినీ పీల్చుకోగలవు. తల లోపలో వీపు వెంటో వాటికి ప్రత్యేకమైన గాలి అరలు ఉంటాయి. నీళ్ళు మోకాలి లోతుకు ఇంకి, వేడెక్కి, కుళ్ళిన ఆకులతో నల్లబడినా అవి పైకొచ్చి గుటక వేసి బతుకుతాయి. తడి బురదలోనూ కొంతకాలం ఓర్చుకుంటాయి. పైకి రాకుండా అడ్డుకుంటే మాత్రం కొర్రమీను నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో కాలువలో మిగిలిన గుంటలే రేపటి చేపలకు విత్తనపు గాదెలు. వాటిని ఇంజన్ పెట్టి అడుగంటా తోడేస్తే తొలకరికి పుట్టడానికి తల్లి ఉండదు.

తొలి వానలకు రోడ్డు మీద చేపలు కనిపిస్తే ‘చేపల వాన’ అని చెప్పుకోవడమూ ఇందులో భాగమే. సముద్రం మీద లేచే నీటి సుడి చిన్న చేపల్ని పైకి లేపడం అసాధ్యమని అనను, అరుదు. అంబాజీపేట, అమలాపురం రోడ్ల మీద వాన వెలిశాక గెంతుతున్న గొరకలు, పాకుతున్న మార్పులు మేఘంలోంచి ఊడిపడ్డవి కావు. పక్క బోదెలోంచి కొత్త నీటి వాసన పట్టుకుని చేలలోకి గుడ్లు పెట్టడానికి బయల్దేరినవి. గొరక తన మొప్ప కప్పుల అంచున ఉండే ముళ్ళను నేలకు తన్నిపెట్టి ముందుకు జరుగుతుంది.

అది తాడిచెట్టు ఎక్కుతుందనే మాటకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో ఉన్న డేనిష్ అధికారి డాల్‌డార్ఫ్, తాడిచెట్టు బెరడు పగుల్లో ఈ చేపను పట్టుకున్నానని రాస్తే 1797లో లండన్‌లో అచ్చయింది. అప్పట్నుంచి ఇంగ్లిషు పేరులో కూడా ‘ఎక్కే’ చేప అయిపోయింది. నేల మీద, ఏటవాలు గట్టు మీద అది పాకడం ఎంతోమంది చూశారు. చెట్లెక్కడం దాని అలవాటు కాదు. పిట్టలు ఎత్తుకెళ్ళి కొమ్మల్లో జారవిడిచినవే అలా కనబడి ఉంటాయని తర్వాతివాళ్ళు వివరించారు.

అపోహ: కొర్రమీను తన పిల్లల్ని తానే తినేస్తుంది, కాబట్టి తల్లిని పట్టినా పిల్లలకు మేలే.

వాస్తవం: ఇది పూర్తిగా తలకిందుల మాట. వానాకాలంలో కొర్రమీను జంట నాచు మధ్య ఖాళీ చేసుకుని, నీటి మీద తేలే గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అవి పిల్లలవుతాయి. నారింజ ఎరుపు రంగులో వందల పిల్లలు ఒకే ముద్దగా, గాలి కోసం పైకీ కిందికీ ఆడుతూ తిరుగుతాయి. ఆ ముద్ద కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా, సాటి చేప వచ్చినా మీద పడతాయి. నోరు తెరిచి దూకడం చూసినవాళ్ళు పిల్లల్ని మింగుతోందని అనుకుంటారు.

గాలం వేసేవాళ్ళకు ఈ కాపలా సంగతి బాగా తెలుసు. ఎర్రపిల్లల ముద్ద మీదుగా కప్పపిల్లను లాగితే తల్లి ఆకలి లేకపోయినా కోపంతో కొరుకుతుంది. పెద్ద కొర్రమీను అంత సులువుగా దొరికే రోజు మరొకటి ఉండదు. కానీ ఆ ఒక్క చేప గట్టెక్కితే అదే పూట జెల్లలు, వాలుగలు, కొంగలు ఆ పిల్లల్ని ఊడ్చేస్తాయి. మృగశిర కార్తెలో చేప తినాలనే ఆచారం, సనతో నిండిన చేప కోసం వెదుకులాట, ఈ గుడ్ల కాలం అన్నీ జూన్ నెల చుట్టూనే తిరుగుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. మన ఊరి కాలువకు అలాంటి ఏర్పాటు ఎవరూ చేయరు, గాలం పట్టినవాడే చేసుకోవాలి.

అపోహ: గాలానికి పడ్డ చిన్న చేపను వదిలేసినా చచ్చిపోతుంది.

వాస్తవం: పెదవికి తగిలిన చేపను త్వరగా వదిలితే చాలావరకు బతుకుతుంది. చేతులు తడుపుకుని పట్టుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పుండ్లు పడతాయి. గాలం మింగేస్తే పీకకండి, నోటి దగ్గర దారం కోసి వదిలేయండి. ముల్లు వెనక ఉండే కొండిని పట్టకారుతో నొక్కేస్తే గాలం సులువుగా ఊడుతుంది.

గాలం తీసేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఇంగిలాయితో. దాని విషం నోట్లో ఉండదు, మొప్పల పక్కన రెక్కల్లోని రెండు ముళ్ళలో ఉంటుంది. గుచ్చుకుంటే సున్నం, పసరు కాదు, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట నుంచి గంటన్నర చెయ్యి ఉంచండి. వేడికి ఆ విషం చెడుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా ఆసుపత్రికి వెళ్ళాలి.

అపోహ: కొత్త జాతి చేపలు తెచ్చి వదిలితే కాలువ బాగుపడుతుంది.

వాస్తవం: ట్రౌట్ మన దేశంలో కశ్మీర్, నీలగిరి, మున్నార్ లాంటి చల్లని కొండల్లోనే నిలబడింది. గోదావరి కాలువ వేడికి అది తాళలేదు. తాళగలిగినవే మన కొంప ముంచాయి. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా ఏడాదిలో చాలాసార్లు గుడ్లు పెట్టి నీళ్ళన్నీ ఆక్రమించింది. ఆఫ్రికా మార్పు పెంపకం దేశంలో నిషేధం, అయినా చెరువుల్లోంచి తప్పించుకున్నవి కాలువల్లో తిరుగుతూ నాటు చేపల్ని తింటున్నాయి. అవి గాలానికి పడితే మళ్ళీ నీళ్ళలో వదలొద్దు.

అపోహ: కాలువ చేపకు మట్టివాసన, అంటే మురుగు తిన్న చేప.

వాస్తవం: ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. నాచులో, మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసనా అదే. లీటరు నీళ్ళలో గ్రాములో పది కోట్లో వంతు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. ఆ పదార్థంతో ఆరోగ్యానికి హాని లేదు. నిజంగా భయపడాల్సిన పురుగుమందుకు ఒక్కోసారి వాసనే ఉండదు. కాబట్టి మందు కొట్టిన చేలోంచి నీరు దిగే బోదెలో పట్టిన చేపను, తేలిపోతున్న చేపను వాసన బాగున్నా తినకండి.

జియోస్మిన్ పులుపుకు విరిగి వాసన లేనిదిగా మారుతుంది. చింతపండు పులుసు కాలువ చేపకు అంతగా నప్పడానికి కారణం ఇదే, మన వంటిళ్ళలో ఆడవాళ్ళు ఏ ప్రయోగశాలా లేకుండా ఇది కనిపెట్టారు. కొర్రమీనును బతికుండగానే మంచి నీళ్ళలో ఒకటి రెండు రోజులు ఉంచితే వాసన ఇంకా తగ్గుతుంది.

చిన్న చేపల్ని బూడిదతో, రాళ్ళ ఉప్పుతో గరుకు రాయి మీద రుద్ది, పొట్ట తీసి, పసుపు నీళ్ళతో కడగాలి. మట్టి దాకలో నూనె కాగాక మెంతులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, పసుపు, కారం, ఉప్పు వేసి, చింతపండు రసం పోసి బాగా మరగనివ్వాలి. వేసవిలో అయితే పుల్ల మామిడికాయ ముక్కలు. పులుసు చిక్కబడ్డాకే చేపలు వేయాలి. పది నిమిషాలు చాలు. గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాకను పట్టుకుని తిప్పాలి. మర్నాటికి రుచి పెరుగుతుందనే మాట అపోహ కాదు, పులుపు, ఉప్పు రాత్రంతా ముక్కలోకి ఇంకుతాయి. అయితే మన ఉక్కపోతలో బయట వదలొద్దు, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మరిగించి తినండి.

అపోహ: పులుసులో ముళ్ళు కరిగిపోతాయి. గొంతులో పడ్డా అన్నం ముద్ద మింగితే పోతుంది.

వాస్తవం: పులుపులో ఎక్కువసేపు ఉడికితే సన్నటి ముళ్ళు మెత్తబడతాయి, నమిలి మింగొచ్చు, సున్నపు ధాతువు దొరికేది వాటిలోనే. కొర్రమీను వెన్నుముల్లు మెత్తబడదు. గుచ్చుకున్న ముల్లు మీద అన్నం ముద్ద, అరటిపండు తోస్తే ఇంకా లోతుకు దిగి అన్నవాహికను చీల్చే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు చూడాలి.

అపోహ: చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుంది.

వాస్తవం: రాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంటిలోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది. బెంగాలీలు తరతరాలుగా చేపను పెరుగులోనే వండుకుంటున్నారు.

అపోహ: పులస గోదావరిలో మాత్రమే పుట్టే ప్రత్యేక జాతి, దాని ముందు చిన్న చేపలు ఎందుకూ పనికిరావు.

వాస్తవం: పులస సముద్రపు చేపే, వానాకాలపు ఎర్రనీటికి గోదావరి ఎక్కుతుంది. 1803లో పాట్రిక్ రస్సెల్ తన విశాఖపట్నం చేపల పుస్తకంలో దీని బొమ్మ తెలుగు పేరుతోనే వేయించాడు. 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే దాన్ని వేరే జాతిగా లెక్కేశాడు గానీ, బెంగాల్ ఇలిష్, మన పులస ఒకటేనని తర్వాత తేలింది. దాని రుచిని కాదనను. నీళ్ళలోని సూక్ష్మజీవులను వడకట్టి తినే చేప కాబట్టి గాలానికి సాధారణంగా పడదు, వల వేయాల్సిందే. చిన్న చేపల సంగతికొస్తే, తలతో, కళ్ళతో, ముళ్ళతో సహా తినే గుప్పెడు పరిగెలు పిల్లలకు ఇచ్చే విటమిన్ ఎ, కాల్షియం, ఇనుము ముళ్ళు తీసిన పెద్ద చేప ముక్కలో అంతగా దొరకవు.

అపోహ: కాస్త మందు కలిపినా, కరెంటు పెట్టినా ఒక్కసారికి ఏమీ కాదు.

వాస్తవం: మందు కలిపితే గుడ్లు, పిల్లలు, కప్పలు, నత్తలు అన్నీ పోతాయి, ఆ నీళ్ళే గొడ్లు తాగుతాయి. కరెంటు తీగ నీళ్ళలో వేసినవాడు చేపకంటే ముందు పోవచ్చు. పేలుడు పదార్థంతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. గెడ పట్టుకునేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే: జూన్, జూలై నెలల్లో ఎర్రపిల్లల ముద్ద కనబడ్డచోట గాలం వేయకండి, వేసవిలో మీ ఊరి కాలువలో కనీసం ఒక్క గుంటనైనా తోడకుండా వదిలేలా చూడండి.