కూలెంట్‌ను రంగు చూసి కొంటున్నారా? మీ కారుకు ఏది సెట్ అవుతుందో ఇలా తెలుసుకోండి

"అన్నా, గ్రీన్ కూలెంట్ ఒక లీటర్ ఇవ్వు.." స్పేర్ పార్ట్స్ షాపుల్లో రోజూ వినిపించే మాట ఇది. ట్యాంకులో పచ్చగా ఉంటే పచ్చది, ఎర్రగా ఉంటే ఎర్రది కొనేస్తాం. రంగు కలిసింది కదా, ఇక టెన్షన్ లేదనుకుంటాం. కానీ ఇంజిన్‌కు రంగుతో అసలు పనే లేదు. ఆ రంగు కంపెనీ కలిపిన డై మాత్రమే. మరి కూలెంట్ కొనేటప్పుడు చూడాల్సింది ఏంటి? బోర్ నీళ్లు పోస్తే ఏమవుతుంది? బండి హీటెక్కితే ముందు ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ట్రాఫిక్‌లోనే ఎందుకు హీటెక్కుతుంది?

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తాకు మహా అయితే రెండు కిలోమీటర్లు. ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు వదిలే టైమ్‌లో ఆ కాస్త దూరానికే ఎన్నిసార్లు ఆగాలో ఈ రూట్‌లో తిరిగేవాళ్లకు బాగా తెలుసు. ఇంజిన్‌కు అసలు పరీక్ష ఇక్కడే.

హైవే మీద 80లో వెళ్తుంటే ఎదురుగాలి నేరుగా రేడియేటర్‌కు తగులుతుంది. లోపలి వేడి దానంతట అదే బయటికి పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ గాలి ఉండదు. భారమంతా రేడియేటర్ ఫ్యాన్ మీదే పడుతుంది. పైగా చాలా కార్లలో ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది. అంటే ఏసీ బయటికి వదిలే వేడిని దాటుకుని వచ్చిన గాలే రేడియేటర్‌కు అందుతుంది. దానికి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండ తోడైతే కూలింగ్ సిస్టమ్‌లో ఉన్న చిన్న లోపం కూడా బయటపడిపోతుంది.

ఆగిపోయేది మన బండి ఒక్కటే కాదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఒక్క కారు నిలిచిపోతే వెనక లైన్ మొత్తం నిలిచిపోతుంది. ఆ లైన్‌లో నిమ్స్‌కు వెళ్లే అంబులెన్స్ కూడా ఉండొచ్చు. క్యాబ్ నడిపే వ్యక్తికైతే ఆ రోజు సంపాదన పోయినట్టే.

అసలు కూలెంట్ ఏం చేస్తుంది?

పెట్రోల్ లేదా డీజిల్ మండినప్పుడు వచ్చే శక్తి మొత్తం చక్రాలకు చేరదు. దాదాపు మూడో వంతు సైలెన్సర్ పొగతో పోతుంది. ఇంచుమించు అంతే శక్తి వేడి రూపంలో ఇంజిన్ గోడల్లోకి దిగుతుంది. ఈ వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో దించడమే కూలెంట్ మొదటి పని. ఇంజిన్ మామూలుగా 90 డిగ్రీలకు అటూఇటుగా నడుస్తుంది.

రెండో పని, మరగకుండా ఉండటం. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపితే 107 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. దీనికి రేడియేటర్ ప్రెజర్ క్యాప్ ఒత్తిడి కూడా కలిస్తే 125 డిగ్రీలు దాటినా మరగవు. అందుకే క్యాప్ రబ్బరు పాడైతే ఎంత మంచి కూలెంట్ పోసినా బండి హీటెక్కొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు కాబట్టి సర్వీసింగ్‌లో ఆ క్యాప్‌ను కూడా చెక్ చేయమని చెప్పండి.

మూడో పని తుప్పు పట్టకుండా కాపాడటం. మన దగ్గర చాలామంది పట్టించుకోనిది ఇదే. రేడియేటర్, సిలిండర్ హెడ్, వాటర్ పంప్.. వీటిలో అల్యూమినియం, ఇనుము, రబ్బరు సీల్స్ అన్నీ ఉంటాయి. వీటిని కాపాడే రసాయనాలను ఇన్హిబిటర్లు అంటారు. ఒక కూలెంట్‌కు, ఇంకో కూలెంట్‌కు అసలు తేడా ఈ ఇన్హిబిటర్లలోనే ఉంటుంది.

హైదరాబాద్‌లో మంచు పడదు కదా.. మనకెందుకు?

డబ్బా మీద 'యాంటీ ఫ్రీజ్' అని చూసి చాలామందికి ఈ డౌట్ వస్తుంది. నిజమే, సగం సగం మిశ్రమం మైనస్ 35 డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టదు. లద్దాఖ్ ట్రిప్‌కు వెళ్తే తప్ప మనకు ఆ అవసరం రాదు. కానీ మరగకుండా చూడటం, తుప్పు ఆపడం.. ఈ రెండూ హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కావాల్సినవే. కాబట్టి 'మనకు నీళ్లు చాలు' అనేది పాత లెక్క. అల్యూమినియం ఇంజిన్లున్న ఇప్పటి కార్లకు అది పనికిరాదు.

రంగు ఎందుకు మోసం చేస్తుంది?

ఏ రంగు దేనికి వాడాలో చెప్పే రూల్ ప్రపంచంలో ఎక్కడా లేదు. టయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్ పింక్ రంగులో ఉంటుంది. హోండా టైప్ 2 నీలం రంగు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో జీ12, జీ13 లాంటి రకాలు పింక్ నుంచి ఊదా రంగు దాకా కనిపిస్తాయి. బయట షాపుల్లో మాత్రం అన్ని రంగుల్లోనూ అన్ని రకాలూ దొరుకుతాయి. అంటే టయోటా పింక్, ఫోక్స్‌వ్యాగన్ పింక్, షాపులో దొరికే ఇంకో పింక్.. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి రసాయనాలు వేరు.

ప్రధానంగా మూడు కుటుంబాలున్నాయని గుర్తుపెట్టుకోండి.

ఐఏటీ: పాత తరం రకం. సిలికేట్ లాంటి రసాయనాలు త్వరగా రక్షణ పొర వేస్తాయి కానీ త్వరగానే అయిపోతాయి. సాధారణంగా రెండేళ్లకు మార్చాలి.

ఓఏటీ: ఆర్గానిక్ యాసిడ్లతో చేసేది. నిదానంగా పనిచేస్తుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. చాలా రకాలకు ఐదేళ్ల దాకా గడువు ఉంటుంది.

హెచ్‌ఓఏటీ: పై రెండింటి కలయిక. జపాన్, కొరియా కంపెనీల కార్లలో ఎక్కువగా ఫాస్ఫేట్ కలిపిన రకం, యూరప్ కంపెనీల కార్లలో సిలికేట్ కలిపిన రకం వాడతారు.

వీటిని ఇష్టం వచ్చినట్టు కలిపితే ఏమవుతుంది? వెంటనే ఇంజిన్ పేలిపోదు. అందుకే ఎవరికీ తేడా తెలియదు. కానీ తుప్పును ఆపే గుణం తగ్గిపోతుంది. ఐదేళ్లు రావాల్సిన కూలెంట్ చాలా ముందే పనికిరాకుండా పోతుంది. కొన్ని రకాలు కలిస్తే జెల్లీలా గడ్డకట్టి రేడియేటర్ సన్న గొట్టాల్లో అడ్డం పడొచ్చు.

మరి మీ కారుకు ఏది?

ముందు ఓనర్స్ మాన్యువల్ తీయండి. డ్యాష్‌బోర్డ్‌లో అలాగే పడి ఉంటుంది. పుస్తకం పోతే చాలా కంపెనీల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో కూలెంట్ పేజీ వెతికి మూడు విషయాలు చూడండి. ఏ రకం లేదా ఏ స్పెసిఫికేషన్, మొత్తం ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్నేళ్లకు మార్చాలి. ఆ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

షాపుకు వెళ్లాక డబ్బా వెనక్కి తిప్పి అదే స్పెసిఫికేషన్ ఉందో లేదో చూడండి. ఐఎస్ 5759 అనేది మన భారత ప్రమాణం. జేఐఎస్ కె 2234 జపాన్‌ది, ఏఎస్‌టీఎం డి3306 అమెరికాది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లకు టీఎల్ 774తో మొదలయ్యే కోడ్ ఉంటుంది. 'అన్ని కార్లకూ సెట్ అవుతుంది' అన్న పెద్దక్షరాల కంటే వెనక ఉండే ఈ చిన్నక్షరాలే ముఖ్యం. ఏ నంబరూ, బ్యాచ్ వివరాలూ లేని డబ్బాను, సీల్ ఊడిన డబ్బాను వదిలేయడమే మంచిది.

మార్చే గడువు కూడా కారును బట్టి మారుతుంది. ఉదాహరణకు టయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్‌ను చాలా మోడళ్లలో తొలిసారి 1,60,000 కిలోమీటర్లకు, తర్వాత ప్రతి 80,000 కిలోమీటర్లకు మార్చమంటారు. అలాంటి కారులో ప్రతి సర్వీసింగ్‌కు కూలెంట్ మార్పు బిల్లు వస్తుంటే ఎందుకని అడగండి. మరోవైపు పాత రకం వాడే కారులో ఐదేళ్లు ముట్టుకోకపోవడం కూడా తప్పే.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? అందులో ముందు ఓనర్ ఏం పోశాడో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు పైన కొంచెం టాప్ అప్ చేసి వదిలేయకండి. పాతదంతా తీసేసి, ఫ్లష్ చేయించి, మాన్యువల్ చెప్పిన రకం కొత్తగా పోయించండి.

ఇక ఎలక్ట్రిక్ కార్ల సంగతి. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ విషయంలో సొంత ప్రయోగాలు అసలు వద్దు. కొన్ని ఈవీలకు కరెంటును చాలా తక్కువగా ప్రవహింపజేసే ప్రత్యేక రకం కావాలి. కంపెనీ చెప్పిందే వాడాలి.

కాన్సన్‌ట్రేటా? రెడీ టు యూజా?

షాపులో రెండు రకాల డబ్బాలుంటాయి. రెడీ టు యూజ్ అంటే నీళ్లు ముందే కలిపినది, నేరుగా పోసేయొచ్చు. మళ్లీ నీళ్లు కలిపితే పలచబడిపోతుంది. కాన్సన్‌ట్రేట్ అంటే చిక్కటిది, నీళ్లు కలిపే వాడాలి. మాన్యువల్ సగం సగం అంటే, ఐదు లీటర్లు పట్టే కారుకు రెండున్నర లీటర్ల కాన్సన్‌ట్రేట్, రెండున్నర లీటర్ల నీళ్లు అన్నమాట.

'చిక్కగా పోస్తే ఇంకా మంచిది కదా' అనుకుంటే పొరపాటే. వేడిని మోయడంలో నిజానికి నీళ్లే గ్లైకాల్ కంటే మెరుగు. ఉత్త కాన్సన్‌ట్రేట్ పోస్తే ఇంజిన్ చల్లబడటం తగ్గుతుంది. చెప్పిన కొలత దాటకూడదు, తగ్గకూడదు.

బోర్ నీళ్లు వద్దు

సిటీలో చాలా అపార్ట్‌మెంట్లలో బోర్ నీళ్లు ఎలా ఉంటాయో బాత్రూమ్ కుళాయి చూస్తే తెలుస్తుంది. తెల్లగా పేరుకునే ఆ ఉప్పు కాల్షియం, మెగ్నీషియం వల్లే వస్తుంది. అదే పొర ఇంజిన్ లోపల, రేడియేటర్ గొట్టాల్లో పడితే వేడి బయటికి పోదు. పైగా ఈ లవణాలు కూలెంట్‌లోని ఇన్హిబిటర్లను కూడా దెబ్బతీస్తాయి.

అందుకే డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే నీళ్ల డబ్బాలు ఇవే. కొనేటప్పుడు లేబుల్ చదవండి, బ్యాటరీ యాసిడ్ డబ్బా పొరపాటున తీసుకోవద్దు. కూలెంట్ మరీ తగ్గిపోయి వేరే దారి లేకపోతే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక తాగే నీళ్లు పోసి మెకానిక్ షెడ్డు దాకా వెళ్లొచ్చు. కానీ ఆ విషయం మెకానిక్‌కు చెప్పి తర్వాత మార్పించుకోవాలి.

లెవెల్ తగ్గుతుంటే టాప్ అప్‌తో సరిపెట్టకండి

పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంక్ చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉంటే ఓకే. కూలెంట్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. నెలనెలా తగ్గుతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే.

కారు కింద రంగు మరకలు, క్యాబిన్‌లో తియ్యటి వాసన, ముందు సీటు కింద తడి కార్పెట్, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ, ఆయిల్ క్యాప్ లోపల మీగడ లాంటి పదార్థం.. వీటిలో ఏది కనిపించినా షెడ్డుకు తీసుకెళ్లండి. చివరి రెండూ హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్పే సంకేతాలు కావచ్చు. హోస్ పైపు, క్లిప్‌తో వందల్లో తేలిపోయే పని, లేట్ చేస్తే ఇంజిన్ విప్పి వేలల్లోకి వెళ్తుంది.

రోడ్డు మధ్యలో హీటెక్కితే..

గేజ్ ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తుంటే, లేదా ఎర్ర థర్మామీటర్ లైట్ వెలిగితే ఇలా చేయండి. కొన్ని కార్లలో ముల్లు ఉండదు, లైట్ మాత్రమే ఉంటుంది. నీలం అయితే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, ఎరుపు అయితే ప్రమాదమని అర్థం.

1. వెంటనే ఏసీ ఆపండి.
2. పక్కకు తీసేలోపు హీటర్ ఫుల్లుగా పెట్టి కిటికీలు దించండి. ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. చెమటలు పట్టినా ఇంజిన్ బతుకుతుంది.
3. హజార్డ్ లైట్లు వేసి సేఫ్ ప్లేస్‌లో ఆపి, ఇంజిన్ ఆఫ్ చేయండి. 'ఇంకో సిగ్నల్ దాటితే ఇల్లే కదా' అని లాగొద్దు.
4. రేడియేటర్ క్యాప్ ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా చిమ్మితే ముఖం, చేతులు కాలిపోతాయి. గుడ్డ చుట్టి తిప్పడం కూడా సేఫ్ కాదు. కనీసం అరగంట, ఇంకా వేడిగా ఉంటే ఎక్కువసేపు ఆగండి.
5. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయొద్దు. ఒక్కసారిగా చల్లబడితే లోహం పగుళ్లివ్వొచ్చు.

ఇంట్లో పిల్లలున్నారా? ఇది తప్పకుండా చదవండి

ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది. అందుకే పిల్లలు, కుక్కలు దాన్ని తాగే ప్రమాదం ఎక్కువ. కొద్దిగా లోపలికి వెళ్లినా కిడ్నీలు దెబ్బతినొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింక్ బాటిల్‌లో అస్సలు పోసి పెట్టకండి. పార్కింగ్‌లో కారిన మడుగును వెంటనే కడిగేయండి. తీసేసిన పాత కూలెంట్‌ను డ్రైనేజీలో పారబోయకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఎవరైనా పొరపాటున తాగితే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి గంటల్లో ఇచ్చే విరుగుడు మందే ప్రాణాలు కాపాడుతుంది.

ఈసారి షాపులో 'ఏ కలర్ కావాలి సార్?' అని అడిగితే రంగు చెప్పకండి. ఫోన్ తీసి మాన్యువల్ పేజీ చూపించి, 'ఈ స్పెసిఫికేషన్‌ది ఇవ్వండి' అనండి. లేదంటే ఇంకో షాపు చూడండి.