స్టాబ్-లాక్: ఒక విద్యుత్పేటిక వృత్తాంతము

న్యూజెర్సీ రాష్ట్రమున నలువదేబది యేండ్ల పాతయిల్లు చేతులు మారు తఱి, కొనువారు నియమించిన హోమ్ ఇన్స్పెక్టరు టార్చిలైటును చేతబట్టి నేలమాళిగలోనికి దిగి, గోడకు బిగించియున్న బూడిదవన్నె యినుపపెట్టె తలుపు తెఱచినపుడు, ఆయన కన్నులు మొట్టమొదట వెదకునది తీగను గాదు, బ్రేకరును గాదు. తలుపు లోవైపున అంటించియున్న చీటిమీది పేరును. ఆ చీటిపై ఫెడరల్ పసిఫిక్ ఎలక్ట్రిక్ అనియు, స్టాబ్-లాక్ అనియు కానవచ్చెనేని, పెట్టె యెంత శుభ్రముగా నున్నను, యింటి దీపములన్నియు ఎంత చక్కగా వెలుగుచున్నను, ఆయన తన నివేదికలో దానిని మార్పింపవలసినదిగానే వ్రాయును. పనిచేయుచున్న వస్తువును, చూపునకు లోపమేమియు లేని వస్తువును, పేరు చూచి త్యజింపుమనుట అన్యాయము గదా యని తోచవచ్చును. ఆ విచారమునకు ముందు ఈ పెట్టె పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలసి యున్నది.

తీగలో ప్రవాహము మితిమీరినపుడు దానిని తెంపివేయు సాధనమొకటి కావలెనను తలంపు విద్యుద్దీపమంత ప్రాచీనమైనది. 1879లో థామస్ ఎడిసన్ తన పేటెంటు దరఖాస్తులో బ్రేకరు వంటి యుపకరణమును వర్ణించెను గాని, ఆచరణమున మాత్రము ఫ్యూజుతీగనే వాడెను. ఫ్యూజు నిజాయితీ గల సాధనము. తాను కరగి యింటిని కాచును. దాని దౌర్బల్యమంతయు దానిని వాడు మనుష్యుని యందే కలదు. మాటిమాటికి పోవుచున్న ఫ్యూజునకు విసిగి, సన్నని తీగకు మారుగా లావుపాటి రాగితీగను చుట్టి నిశ్చింతగా నిద్రించు గృహస్థులు మన యూళ్లలో నేటికిని కలరు. అమెరికావారు ఫ్యూజు వెనుక రాగినాణెమును దూర్చి అదే పుణ్యము కట్టుకొనెడివారు. ఈ దౌర్బల్యమునకు విరుగుడుగా, జర్మనీలోని మన్‌హైమ్ నగరమున హ్యూగో స్టోట్జ్ సంస్థవారు 1924లో నేటి చిన్న బ్రేకరునకు మూలపురుషుడనదగిన యుపకరణమునకు పేటెంటు పొందిరి.

ఆ బ్రేకరు గర్భమున కావలివారిద్దఱు కలరు. వేఱువేఱు రీతుల వ్యాకోచించు రెండు లోహములను జోడించి చేసిన రేకు మొదటివాడు; ప్రవాహము హద్దు మీఱి చాలసేపు సాగినచో ఆ రేకు వేడెక్కి వంగి మీటను విడిపించును. రెండవవాడు విద్యుదయస్కాంతము, షార్టు సర్క్యూటు కలిగి ప్రవాహము ఒక్కుమ్మడి పెల్లుబికినచో, అది కన్నుమూసి తెఱచునంతలో మీటను లాగివైచును. అమెరికా ప్రమాణముల ననుసరించి, ఇండ్లలో సామాన్యముగ వాడు బ్రేకరు తన నిర్ణీతప్రవాహమునకు నూటికి 135 వంతులు ప్రవహించినచో ఒక గంటలోపలను, రెట్టింపు ప్రవహించినచో రెండు నిమిషములలోపలను ట్రిప్పు కావలెను. అనగా 20 ఆంపియర్ల బ్రేకరు 27 ఆంపియర్లను గంటకు మించి సహింపరాదు. ఈ పరీక్ష నెగ్గిన వస్తువునకు మాత్రమే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ వారు తమ ముద్రను ప్రసాదింతురు. కొనువాడు నమ్మునది ఆ ముద్రనే, ఏలయన బ్రేకరు లోపలి రేకును విప్పి చూచుకొను గృహస్థు ఎక్కడను లేడు.

న్యూజెర్సీలోని న్యూవార్కు నగరము స్థావరముగా గల ఫెడరల్ పసిఫిక్ సంస్థ 1950 ప్రాంతము మొదలు 1980 దశాబ్దము వఱకు ఈ స్టాబ్-లాక్ ప్యానెళ్లను తయారుచేసి, యుద్ధానంతరము శీఘ్రముగ వెలసిన పేటలలోని లక్షలాది గృహములకు సరఫరా చేసెను. అదే రాష్ట్రమున, ఎడిసన్ తన ప్రయోగశాలను నెలకొల్పిన మెన్లో పార్కు గల టౌన్‌షిప్పు 1954లో ఆయన పేరు ధరించినది. నేడక్కడ తెలుగు కుటుంబములు విస్తారముగ నివసించుచున్నవి. అందు కొందఱు కొనుచున్న యిండ్లు సరిగా ఆ దశాబ్దములలో కట్టినవే గనుక, ఈ వృత్తాంతము మనకు కేవలము పరాయిది గాదు.

స్టాబ్-లాక్ అను పేరునకు తగినట్లే, బ్రేకరు వెనుకనున్న లోహపు నాలుకను ప్యానెలులో ప్రవాహమును బ్రేకరులకు పంచు లోహపు పట్టీయగు బస్‌బారుకు గల సన్నని చీలికలోనికి పొడిచి నిలుపుదురు. ఆ చీలికలు కొన్ని ఇంగ్లీషు 'ఈ' అక్షరమువలెను, కొన్ని 'ఎఫ్' అక్షరమువలెను ఉండును. బ్రేకరు పిడిమీద ఎఱ్ఱని పట్టీ యొకటి కానవచ్చును. అమరిక చౌక, బిగించుట సులభము. కాని పట్టు సడలినచో సంధి వేడెక్కును. వేడెక్కిన కొలది పట్టు మఱింత సడలును. ఇంతకంటె ఘోరమైన దోషము వేఱొకటి కలదు. పరీక్షలలో ఈ బ్రేకరులు అనేకములు హద్దుమీఱిన ప్రవాహమునకు ట్రిప్పు కాలేదు. 240 వోల్టుల కొఱకు జంటగా చేసిన బ్రేకరులలో కొన్ని ఒక పక్క మాత్రమే భారము పడినపుడు లోపల చిక్కుకొని, అటుపైని యెంత ప్రవాహమునకును తెగనివాయెను.

ఈ రహస్యము బయటపడిన తీరు విచిత్రమైనది. 1979లో రిలయన్స్ ఎలక్ట్రిక్ అను సంస్థ (మన దేశపు రిలయన్సుతో దీనికి సంబంధమేమియు లేదు) ఫెడరల్ పసిఫిక్‌ను కొనెను; ఆ యేడే ఎక్సాన్ చమురు సంస్థ రిలయన్స్ ఎలక్ట్రిక్‌ను కొనెను. క్రొత్త యజమానులు లెక్కలు తిరుగవేయగా, అనేక బ్రేకరులకు అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ ముద్ర మోసపూరితమైన పరీక్షలవలన లభించినదని తేలెను. 1980లో వారే ఆ మాటను లోకమునకు వెల్లడించి, తమకు అమ్మినవారిపై వ్యాజ్యము వేసిరి. అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల వస్తురక్షణ కమిషను విచారణకు పూనుకొనెను గాని, పూర్తి సమాచారము సేకరింప కొన్ని మిలియన్ డాలర్లు కావలెననియు, తమ నిధులు పరిమితములనియు చెప్పి 1983 మార్చిలో దానిని ముగించెను. దోషమున్నదని తేల్చలేదు, లేదనియు తేల్చలేదు. నా యభిప్రాయమున ఈ కథలో మిక్కిలి హాని చేసినది ఈ యసంపూర్ణమైన ముగింపే. ఏలయన అప్పటినుండి అమ్మువారందఱును "ప్రభుత్వము దీనిని వెనుకకు పిలువలేదు గదా" యను ఒక్క మాటను పట్టుకొని కాలము గడుపుచున్నారు. ప్రభుత్వము చేయని పనిని జెస్సీ అరాన్‌స్టీన్ అను ఇంజనీరు దశాబ్దముల తరబడి బ్రేకరులను పరీక్షించుచు సాగించెను. 2012లో ఆయన సహరచయితతో ప్రకటించిన వ్యాసమున, ఈ బ్రేకరుల లోపమువలన ఏటేట సుమారు 2,800 అగ్నిప్రమాదములు జరుగుచుండునని అంచనా వేసెను.

ఇక ఇన్స్పెక్టరు చేయు పని. ఆయన తడి నేలపై నిలువడు. పెట్టెను తాకుటకు ముందు, దాని లోహపు తొడుగునకు విద్యుత్తు సోకినదేమోనని టెస్టరుతో చూచును. రక్షక కళ్లద్దములు ధరించి, త్రుప్పును, తేమ గుర్తులను, కాలిన వాసనను పరికించి, సందేహమేమైన తోచినచో మూత విప్పక అక్కడనే ఆగిపోవును. ఆగిపోవుట ఆయన వృత్తిలో సిగ్గుపడవలసిన పని గాదు. విప్పదలచినచో మఱలును ఒక్కొక్కటిగా తీయుచు, మూతను ఒక చేత అదిమిపట్టి, నిదానముగా తనవైపు తీసికొనును. స్టాబ్-లాక్ ప్యానెలు యెడ ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. పట్టు సడలిన బ్రేకరు మూతతోపాటు ఊడివచ్చి, నిప్పురవ్వలు చెదరిన సందర్భములు ఇన్స్పెక్టరుల యనుభవమున కలవు. మెయిన్ స్విచ్చి ఆపినంత మాత్రమున అపాయము తొలగదు. మీటరునుండి వచ్చు తీగలు తగులుకొనియున్న కొసలలో విద్యుత్తు ఎల్లపుడు నుండును. లోపల ఆయన చూచునవి ఒక బ్రేకరు క్రింద దూర్చిన రెండు తీగలు, సన్ననితీగకు తగిలించిన పెద్ద బ్రేకరు, నల్లబడిన సంధులు, 1965 మొదలు 1973 వఱకు కొందఱు వాడిన అల్యూమినియము తీగలు. కొందఱు ఉష్ణచిత్రములు తీయు కెమెరాను గూడ వెంట తెత్తురు.

ఇంత చూచియు ఆయన చేయని పని యొకటి కలదు: బ్రేకరు సమయమునకు తెగునో లేదో పరీక్షింపడు. ఆయన పరీక్ష కంటిచూపునకు పరిమితమైనది. భారము నెక్కించి చూచుట ప్రయోగశాలలోని పని, పైగా అట్లు చూచుటవలననే చిక్కుకొనిపోవు బ్రేకరులు కలవు. ఇచ్చటనే వివాదము పుట్టును. అమ్మువాని పక్షమున వచ్చిన ఎలక్ట్రీషియను "నలువది యేండ్లనుండి పనిచేయుచున్నది, ఏమియు కాలేదు" అనును. ఆ మాట నిజమే, కాని ప్రశ్నకు జవాబు గాదు. నలువది యేండ్లు ఆ బ్రేకరు చేసినది ప్రవాహమును పోనిచ్చుట. ఆ పని ఇనుపమేకు గూడ చేయగలదు. ఆపవలసిన తరుణము ఆ యింట నొక్కమాఱైన రాకున్నచో, అది ఆపగలదనుటకు ఆధారమెక్కడిది? కావున కంటికి కానరాని లోపమును ఆ పెట్టె వంశచరిత్రమును బట్టియే నిర్ణయింపవలసి వచ్చుచున్నది. ఇన్స్పెక్టరు చీటిపై పేరును మొదట చదువుట యిందుకే, అది అన్యాయము గాదు.

ఇట్టి దుష్కీర్తి గాంచినది మఱొకటి కాలిఫోర్నియాలో పుట్టిన జిన్స్కో ప్యానెలు. దానియందు అల్యూమినియపు బస్‌బారు చివికి, బ్రేకరు దానికి కరగి అంటుకొనిపోవును. మీట ఆపిన స్థితిలో నున్నను లోపల ప్రవాహము సాగుచుండవచ్చును. అనేక బీమా సంస్థలు ఈ రెండింటిలో ఏ పేరి ప్యానెలున్న యిండ్లకైనను బీమా నిరాకరించుచున్నవి.

అమెరికాలో పాతయిల్లు కొనదలచిన మనవారు ఒప్పందము ఖాయము కాకపూర్వమే ప్యానెలు తలుపు తెఱచి పేరు చదువుకొనవలెను. లోపలి మూతను మాత్రము తామై విప్పరాదు. స్టాబ్-లాక్ అనియో జిన్స్కో అనియో కనబడినచో, క్రొత్త బ్రేకరులు వేయింతుమన్న మాటకు సమ్మతింపక, బస్‌బారుతో సహా ప్యానెలంతయు పర్మిటు తీసికొని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే మార్పింపుడని కోరవలెను. కొన్ని వేల డాలర్లగు ఆ వ్యయమును యింటివెలలో తగ్గింపుమని అడుగుట అక్కడ వాడుకలో నున్న పద్ధతియే.