ఎత్తు పెంచిన జీపు ఏల వణకును?

హైదరాబాదునకు పడమట, గండిపేట చెరువునకు దిగువన, మూసీ నది ప్రక్కన నార్సింగి ఉన్నది. ఉస్మాన్ సాగరు అను ఆ చెరువు 1920లో పూర్తియైన నాటికి ఈ ప్రాంతమంతయు పొలములు, గుట్టలు, రాతిగుండ్లు. ఆ గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల గ్రానైటు శిలలు. నేడు వాని నడుమ ఆకాశమునంటు భవనములు లేచినవి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల పొడవున తిరుగు వలయ రహదారి నార్సింగిని ఆనుకొనియే పోవుచున్నది.

ఇచటి కంప్యూటరు సంస్థలలో పనిచేయు యువకులలో కొందరికి సెలవునాడు జీపువంటి బండిలో బాటలేని చోట్లకు పోవుట వినోదము. మూసీ పుట్టిన అనంతగిరి కొండల వైపు పోవువారు పలువురు. బండి అడుగుభాగమునకు రాళ్లు తగులకుండుటకై వారు పొడవైన స్ప్రింగులు వేయించి బండి ఎత్తు పెంచుదురు. పెద్ద టైర్లు తొడిగింతురు.

అట్టి బండి ఒకటి నార్సింగి వద్ద వలయ రహదారి ఎక్కినదనుకొందము. వేగము గంటకు 80 కిలోమీటర్లు. వంతెనపై రెండు పలకలు కలియు అతుకు మీద ముందు చక్రము టప్పున తగిలినది. మరుక్షణమే స్టీరింగు చక్రము చేతులలో కుడిఎడమలకు భీకరముగా కొట్టుకొనసాగినది. బండి ముందుభాగమంతయు ఊగిపోవుచున్నది. చోదకుడు ఎంత గట్టిగా పట్టినను ఆగదు. వేగము బాగుగా తగ్గిన పిమ్మట, ఏమియు జరుగనట్లు ఊపు దానంతట అదియే మాయమగును. మెకానిక్కులు దీనిని 'వాబ్లింగ్' అందురు. ప్రక్కన లారీలు, వెనుక కార్లు పరుగెత్తు రహదారిపై ఇది బండిలోని వారికే గాక ఇతరులకును ప్రాణాపాయము. దీనికి కారణమేమి? దానిని కనిపెట్టుట ఎట్లు?

మూడు విధముల కంపనములు

వీణతీగను ఒక్కమారు మీటి విడిచినచో అది కొంతసేపు కంపించి క్రమముగా ఆగిపోవును. ఇది స్వేచ్ఛా కంపనము. బయటనుండి ఒక బలము క్రమము తప్పక కుదుపుచున్నచో కలుగునది రెండవ విధము; దీనిని బలాత్కృత కంపనము అందురు. ఇక వాయులీనమును చూడుడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారివంటి విద్వాంసుని చేతిలో కమాను ఒకే దిక్కుగా, ఒకే తీరున సాగుచుండును. అందు ఊపు లేదు. అయినను తీగ కంపించుచునే యుండును. కమాను యొక్క నిలకడయైన గమనమునుండి తీగ తనకు కావలసిన శక్తిని తానే గ్రహించుచున్నది. ఇది మూడవది, స్వయంప్రేరిత కంపనము. 1940 నవంబరు 7న అమెరికాలోని టకోమా వంతెన గాలికి మెలికలు తిరిగి కూలినది కూడ ఈ జాతి కంపనము వలననే.

బండి వణకినపుడు అది రెండవ విధమా, మూడవ విధమా అని తేల్చుకొనుటయే పరీక్షలో మొదటి మెట్టు.

బరువు సరిలేని చక్రము

చక్రము అంచున ఒకచోట 50 గ్రాముల బరువు ఎక్కువగా ఉన్నదనుకొనుడు. టైరు వ్యాసము 75 సెంటీమీటర్లయినచో దాని చుట్టుకొలత సుమారు 2.36 మీటర్లు. గంటకు 85 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 23.6 మీటర్లు. అనగా చక్రము సెకనుకు 10 మార్లు తిరుగును. ఆ 50 గ్రాములు కేంద్రమునుండి 20 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో, అది చక్రమును వెలుపలికి లాగు బలము సుమారు 40 న్యూటనులు. నాలుగు కిలోగ్రాముల బరువుతో సమానము. ఈ లాగుడు సెకనుకు పదిమార్లు దిక్కు మార్చుచుండును. బండి ముందుభాగపు సహజ పౌనఃపున్యము దీనికి దగ్గరగా ఉన్నచో అనునాదము కలిగి స్టీరింగు వణకును.

ఈ వణకునకు గుర్తులు కలవు. నున్నని రోడ్డుపై కూడ వచ్చును. ఒక నియమిత వేగమున మొదలై, ఆ వేగము దాటినచో తగ్గును. చక్రములకు బ్యాలెన్సింగు చేయించినచో పోవును. గుంతయో అతుకో తగిలినపుడు మాత్రమే పుట్టి, వేగము బాగుగా తగ్గువరకు విడువని ఊపు ఇది కాదు. అది మూడవ జాతికి చెందినది. దానికి శక్తినిచ్చునది బండి ముందుకు పోవు గమనమే.

శక్తి ఎట్లు చేరుచున్నది?

ఆస్పత్రిలో రోగులను తోయు బండి చిన్నచక్రము ఒక్కొక్కమారు టకటకమని ఇరుప్రక్కలకు కొట్టుకొనుట పాఠకులు చూచియుందురు. నేలపై దొర్లు చక్రము ప్రక్కకు తిరిగినపుడు నేల దానిని తిరిగి సరళరేఖకు నెట్టును. కాని రబ్బరు టైరు వంగి ఆ బలమును పూర్తిగా చూపుటకు కొంత దూరము దొర్లవలెను. కావున బలము కొంచెము ఆలస్యముగా చేరును. ఊయల సరిగా ముందుకు పోవుచున్న వేళ దానిని నెట్టినట్లు, ఈ ఆలస్యపు నెట్టుడు ఒక్కొక్క ఊపునకు కొంత శక్తిని చేర్చును. కీళ్లు బిగువుగా ఉన్నచో ఘర్షణ ఆ శక్తిని హరించివేయును. కీళ్లు వదులైనచో హరించునది తక్కువ, చేరునది ఎక్కువ. అప్పుడు ఊపు పెరుగును. ఈ విషయమును ఫ్రెంచి ఇంజనీరు బ్రూలియే 1925లోనే శాస్త్రీయముగా చర్చించెను.

పాత జీపులు, మారుతి జిప్సీ, జిమ్నీ, జీప్ రాంగ్లర్ వంటి బండ్లలో ముందు చక్రములు రెండును ఒకే ఇరుసుకు బిగింపబడి యుండును. ఒక చక్రము కదలిక రెండవదానికి వెంటనే చేరుటచే ఈ ఊపు ముఖ్యముగా అట్టి బండ్లలో కానవచ్చును. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లోవలె ముందు చక్రములు వేర్వేరుగా కదలు బండ్లలో ఇది అరుదు.

ఎత్తు పెంచుటతో మారునవి

మొదటిది కాస్టరు కోణము. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా గాక వెనుకకు వాలియుండును. ఆ వాలును నేలవరకు పొడిగించినచో, టైరు నేలను తాకు చోటికి కొంచెము ముందు తగులును. చక్రము ఆ బిందువు వెనుక ఈడ్వబడుచు తిన్నగా నిలుచును. విద్యార్థులు సైకిలు సీటును పట్టి ముందుకు నడిపించి, పిదప వెనుకకు నెట్టి చూడవచ్చును. ముందుకు పోవునపుడు హాండిలు తిన్నగా ఉండును. వెనుకకు నెట్టినంతనే ప్రక్కకు తిరుగబోవును. జీపు చక్రములకును ఇట్టి వాలు కలదు. టైరు వ్యాసార్ధము 35 సెంటీమీటర్లు, వాలు 5 డిగ్రీలు అయినచో ఈ దూరము సుమారు 3 సెంటీమీటర్లు. ఇరుసును పట్టియుండు 70 సెంటీమీటర్ల కడ్డీల వెనుక కొన చట్రముతోపాటు 5 సెంటీమీటర్లు పైకి లేచినచో, కడ్డీలతో బిగిసియున్న ఇరుసు సుమారు 4 డిగ్రీలు ముందుకు తిరుగును. మిగులునది ఒక డిగ్రీ. దూరము 6 మిల్లీమీటర్లు. అప్పుడు బండి దారి తప్పి అటునిటు తిరుగాడును. కాస్టరు మితిమీరి పెంచినను ఊపునకు బలము చేకూరవచ్చును. కావున తయారీదారు చెప్పిన కోణమునకు తిరిగి తెచ్చుటయే మార్గము.

రెండవది ట్రాక్ బార్. ఇది ఇరుసు ప్రక్కలకు జరుగకుండ చట్రముతో కట్టియుంచు అడ్డుకడ్డీ. దాని పొడవు 80 సెంటీమీటర్లు, రెండు కొనల ఎత్తులలో భేదము 10 సెంటీమీటర్లు అనుకొనుడు. ఎత్తు పెంచుటచే ఆ భేదము 15 అయినచో ఇరుసు సుమారు 8 మిల్లీమీటర్లు ప్రక్కకు లాగబడును. పైథాగరస్ సిద్ధాంతముతో ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించవచ్చును. అంతేగాక వాలు పెరిగిన కడ్డీపై బుష్‌లు ఎక్కువగా నలుగును. బోల్టు రంధ్రము క్రమముగా సాగి కోడిగ్రుడ్డు ఆకారము దాల్చును.

మూడవది టైరు. 70 సెంటీమీటర్ల వ్యాసము, 20 కిలోల బరువు గల చక్రమునకు బదులు 80 సెంటీమీటర్లు, 26 కిలోల చక్రము వేసినచో దాని జడత్వ భ్రామకము సుమారు 70 శాతము పెరుగును. ఊపు మొదలైనచో దానిని ఆపుట అంత కష్టము.

పరీక్షించు క్రమము

దోషము తెలియకముందే ఒక్కొక్క భాగమును మార్చుచు పోవుట డబ్బునకు దండుగ. తేలికయైన పరీక్ష ముందు, కష్టమైనది పిదప చేయవలెను.

మొదట టైర్ల గాలిని, అరుగుదలను చూచి, చక్రములకు బ్యాలెన్సింగు చేయింపవలెను. ముందు టైర్లను వెనుకకు మార్చినపుడు వణకు స్టీరింగునుండి సీటునకు మారినచో దోషము టైరులోనే యున్నది.

రెండవది, బండిని సమతలమున నిలిపి, హాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, ఇంజను నడుచుచుండగా ఒకరు స్టీరింగును కొద్దిగా కుడిఎడమలకు త్రిప్పవలెను. చక్రములు నేలపైననే యుండవలెను. మరియొకరు ఎడముగా నిలిచి ఒక్కొక్క కీలును గమనింపవలెను. మొట్టమొదట చూడవలసినది ట్రాక్ బార్ రెండు కొనలు. కడ్డీ కదలకముందే దాని బోల్టు ఏమాత్రము జరిగినను దోషము అచటనే. పిదప స్టీరింగు కడ్డీల కొనలు, స్టీరింగు పెట్టె బిగింపులు చూడవలెను.

మూడవది, ఇంజను ఆపి, చక్రమును జాకీతో లేపి, ఇరుసు క్రింద బలమైన ఆధారము పెట్టి, టైరును పైన, క్రింద పట్టి కుదుపవలెను. ఆట ఉన్నచో చక్రపు బేరింగు గాని, కింగ్‌పిన్ బేరింగు గాని, బాల్ జాయింటు గాని అరిగినది. కుడిఎడమలు పట్టి కుదిపినపుడు మాత్రమే ఆట ఉన్నచో కడ్డీకొనలు అరిగినవి.

చివరగా కాస్టరు, చక్రముల దిశ యంత్రముపై కొలిపించి సరిచేయింపవలెను. బోల్టులన్నియు తయారీదారు చెప్పిన బిగువునకు బిగింపవలెను.

స్టీరింగునకు కొత్త డాంపరు వేసినంతనే ఊపు ఆగుట కలదు. కాని అది జ్వరము మూలము చూడక నుదుట తడిగుడ్డ వేసినట్లు. వదులైన కీలు లోపల అరుగుచునే యుండును. డాంపరు నీరసించిన నాడు ఊపు మునుపటికన్న ఎక్కువగా మరలివచ్చును.

ఊపు వచ్చినపుడు

చోదకుడు భయపడి ఒక్కపెట్టున బ్రేకు త్రొక్కరాదు. స్టీరింగును రెండు చేతులతో పట్టి, బొటనవ్రేళ్లను ఆకులలో చిక్కుకొనకుండ వెలుపల ఉంచి, ఆక్సిలరేటరు వదలి, మెల్లగా వేగము తగ్గించుచు ఎడమ అంచునకు చేరవలెను. కారణము తేలువరకు ఆ బండిని వేగపు రహదారిపైకి తేరాదు.

చట్టమును కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు తయారీదారు నిర్ణయించిన వానితో భేదము కలుగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును స్పష్టము చేసెను.

ఐదు సెంటీమీటర్ల ఎత్తు కంటికి స్వల్పముగా తోచును. కాని యంత్రములో ఒక కొలత మారినపుడు దానితో ముడిపడిన కోణములు, బలములు, కాలములు అన్నియు మారును. ఆ ముడులను ఒక్కొక్కటిగా విప్పి చూడగలవాడే మంచి మెకానిక్కు. తరగతిలో కోణములను, కంపనములను, జడత్వమును నేర్చుకొను విద్యార్థి ఆ విద్యకు తొలిపాఠమును చదువుచున్నాడు.