ఒక్క గొంతు వార్త

మా కొత్తపేటలో ఎవరిది ఏ పార్టీ అని అడగక్కర్లేదు. టీ కొట్టు దగ్గర ముందు ఏ పేపరు చేతిలోకి తీసుకుంటారో చూస్తే చాలు. ఇదేదో మా ఊరి ప్రత్యేకత కాదులెండి, రెండు రాష్ట్రాల్లోనూ ఇంతే. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఎలా అండగా నిలిచిందో మన తాతల తరం కథలు కథలుగా చెబుతుంది. 2008లో వచ్చిన సాక్షి జగన్ గారి కుటుంబానిది. ఆంధ్రజ్యోతి ఎటువైపో నేను రాస్తే మీరు నవ్వుతారు.

"అందరూ అమ్ముడుపోయారు" అనేసి ఊరుకుంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. దాని వెనకాలే ఇంకో రెండు మాటలు వస్తాయి. ప్రభుత్వం వీళ్ల నోరు కట్టెయ్యాలి అన్నది ఒకటి. కోర్టులతో పని లేకుండా పోలీసులే తేల్చేస్తే పోతుంది అన్నది రెండోది. ఈమధ్య ఫిలిప్పీన్స్ గురించి చదువుతుంటే అచ్చం ఇవే మాటలు కనిపించాయి. అక్కడ సర్వే లెక్కలు కూడా ఉన్నాయి.

2016లో డుటెర్టే అధ్యక్షుడయ్యాక డ్రగ్స్ మీద యుద్ధం అన్నాడు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 6,000 మందికి పైగా పోలీసు ఆపరేషన్లలో చచ్చిపోయారు. ఆ ఏడాది డిసెంబరులో సోషల్ వెదర్ స్టేషన్స్ అనే సంస్థ జనాన్ని అడిగితే 85 శాతం మంది ఈ యుద్ధం బాగుంది అన్నారు. అదే సర్వేలో 78 శాతం మంది, నేనో నాకు తెలిసినవాళ్లో ఇలాగే చంపబడతామేమో అని భయంగా ఉంది అన్నారు. నిందితుల్ని ప్రాణాలతో పట్టుకోవడం ముఖ్యం అన్నవాళ్లు 94 శాతం. అంటే చప్పట్లు కొట్టిన చేతులే భయంతో వణికాయి. ఇందులో నాకు తెలివితక్కువతనం కనపడలేదు. దొంగల మీద కోపం నిజం, పొరపాటున తుపాకీ మన ఇంటివైపు తిరుగుతుందేమో అన్న భయమూ నిజమే.

మీడియా విషయంలోనూ అంతే. తన ఎన్నికల ప్రకటనలు వెయ్యలేదని ఏబీఎస్-సీబీఎన్ అనే పెద్ద టీవీ సంస్థ మీద డుటెర్టేకి కోపం. 2020 మేలో లైసెన్సు గడువు అయిపోయి అది ఆగిపోయింది. జూలైలో పార్లమెంటు కమిటీ కొత్త లైసెన్సు ఇవ్వం అంది. ఆ నెలలోనే సర్వే చేస్తే నలుగురిలో ముగ్గురు లైసెన్సు ఇవ్వాలి అన్నారు. ఛానల్‌ని తిట్టుకుంటూ చూస్తారు కానీ, మూసేస్తామంటే మాత్రం వద్దంటారన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన చట్టంలో పేపర్లమీద అజమాయిషీకి ప్రెస్ కౌన్సిల్ ఉంది. అది హెచ్చరించగలదు, మందలించగలదు, తప్పుపట్టగలదు. జరిమానా వెయ్యలేదు, టీవీలు దాని పరిధిలోనే లేవు. పళ్లులేని పులి అని అందరూ ఎగతాళి చేస్తారు. పళ్లున్న దారులు మాత్రం ప్రభుత్వాలు వెతుక్కుంటూనే ఉన్నాయి. 2007లో వై.ఎస్. ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చి, గొడవ కావడంతో పక్కన పెట్టింది. 2019 అక్టోబరు 30న జగన్ ప్రభుత్వం 2430 నంబరు జీవో ఇచ్చింది. తప్పుడు వార్త, పరువు తీసే వార్త అనిపిస్తే ఏ శాఖ వార్తకి ఆ శాఖ కార్యదర్శే కేసు పెట్టించొచ్చని అందులో చెప్పింది. ఎవరి మీద వార్త వచ్చిందో వాళ్లే అది అబద్ధమని తేల్చుకోవడం! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు.

జీవో లేకుండా కూడా పని జరుగుతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆపేశారు. పదేళ్ల తర్వాత, 2024 జూన్‌లో ఆంధ్రలో ప్రభుత్వం మారగానే సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ లాంటివి చాలా ఇళ్లలో మాయమయ్యాయి. పార్టీ ఏదైనా కేబుల్ వైరు మాత్రం ఒకటే. నెట్ సంగతి మన కోనసీమవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాక రోజుల తరబడి నెట్ లేదు. పుకార్లు ఆపడానికి అన్నారు. పుకారు నిజమా కాదా అని చూసుకునే దారి కూడా దాంతోపాటే మూసుకుపోయింది.

ఇక ఎన్‌కౌంటర్. నా అసలు మాట ఇక్కడుంది. పేపర్లో ప్రతి వాక్యాన్నీ అనుమానించే మనం, పోలీసు ప్రెస్ మీట్‌లో చెప్పింది మాత్రం ఉన్నదున్నట్టు మింగేస్తాం. కానీ ఎన్‌కౌంటర్ వార్తకి సాక్షి ఒకవైపే ఉంటాడు. రెండోవైపు వాళ్లు మాట్లాడే స్థితిలో ఉండరు. పక్షపాతం గురించి ఎక్కడైనా జాగ్రత్తపడాలంటే అది ఇక్కడే.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని కాల్చబోయారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు పోలీసులు. జనం పూలు చల్లారు. మూడు రోజులకి మన అసెంబ్లీలో ముఖ్యమంత్రి హ్యాట్సాఫ్ చెప్పారు. ప్రతి శాఖ మీద వార్తనీ జల్లెడపట్టమన్న ఆ జీవోకి అప్పటికి ఆరు వారాలు కూడా నిండలేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022 మే 20న బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ కల్పితమని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని అది చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లట. పూలు చల్లినప్పుడు ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

"మరి మన అక్కచెల్లెళ్లకి జరిగితే?" అని అడుగుతారు. అడగాల్సిందే. నిర్భయ దోషుల్ని ఉరితీయడానికి ఏడేళ్లు పైగా పట్టింది, ఆ విసుగుని తప్పుపట్టలేను. అయితే ఇంకో కేసు కూడా చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో మనలాంటి స్టూడెంటే, బీఫార్మసీ చదివే అమ్మాయి, హాస్టల్లో హత్యకి గురైంది. రాష్ట్రం ఊగిపోయింది. 2008లో పోలీసులు ఒక కుర్రాణ్ణి పట్టుకుని ఇతనే అన్నారు. ఆ రోజు ఎవరైనా అతణ్ణి కాల్చేసి ఉంటే మనం పూలే చల్లేవాళ్లం. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది జైల్లో. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. అసలు దోషి అతను కాదని మొదట్నుంచీ గట్టిగా చెప్పింది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే. వాళ్ల మాట మనదాకా వచ్చింది మనం రోజూ తిట్టుకునే ఈ పేపర్లలో, ఈ ఛానళ్లలోనే.