గొంతు ఖనిది, గట్టు రాజమండ్రిది

2025 సంక్రాంతి వెళ్లిన కొద్ది వారాలకు గోదావరిఖనిలో ఒక సింగరేణి కార్మికుని ఇంట పెండ్లికి వెళ్లాను. క్వార్టర్ల మధ్య బరాత్ సాగుతోంది. డీజే పెట్టెల్లోంచి ‘గోదారి గట్టు మీద’ పాట మూడోసారి వచ్చింది. నా పక్కన నిలబడ్డ ముసలమ్మ, రిటైరైన గని కార్మికుని భార్య, నా భుజం తట్టి “గా పాడే పిల్ల మనూరిదే కొడుకా” అంది. ఆమె గర్వం న్యాయమైనదే. అయితే ఆ గొంతు మన ఊరి నుండి ఆ పాట దాకా నడిచిన దారిని రచయితలమైన మనం పరిశీలించవలసి ఉంది.

ఆ యుగళగీతం ‘సంక్రాంతికి వస్తున్నాం’ చిత్రంలోనిది. పాట 2024 డిసెంబరులో వెలువడింది. చిత్రం 2025 జనవరి 14న విడుదలైంది. రచన భాస్కరభట్ల, సంగీతం భీమ్స్ సిసిరోలియో. పాడినవారు రమణ గోగుల, మధుప్రియ. రమణ గోగుల 1990లలో తెలుగు పాప్ ఆల్బంతో వచ్చి, ‘ప్రేమంటే ఇదేరా’ (1998), ‘తమ్ముడు’ (1999) చిత్రాలకు సంగీతమిచ్చినవాడు. ఆయనది నగర యువతరం మెచ్చిన గొంతు. ఎన్నో ఏండ్ల విరామం తర్వాత ఈ పాటతో మళ్లీ వినిపించాడు.

మధుప్రియ పుట్టింది గోదావరిఖనిలో. ఆడపిల్ల పుట్టుకను ఈసడించే లోకాన్ని నిలదీసే ‘ఆడపిల్లనమ్మా’ పాటతో పదేండ్ల ప్రాయంలోనే జనానికి తెలిసింది. తర్వాత తెలంగాణ ఉద్యమ వేదికల మీద పాడింది. 2017లో ‘ఫిదా’ చిత్రంలో సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘వచ్చిండే’ పాటతో సినిమా శ్రోతలకు దగ్గరైంది. అంటే ఈ గొంతుకు తొలి బడి స్టూడియో కాదు, సభ. సభలో పాడే మనిషి చివరి వరుసలో కూచున్నవాడికీ మాట అందేట్టు పాడాలి; హల్లును నొక్కి పలకాలి, దీర్ఘాన్ని విసరాలి. ఘంటసాల, సుశీలల యుగళగీతాల్లో మనం విన్న నాజూకు వేరు, ఈ బిగువు వేరు.

వస్తువులోనూ తేడా ఉంది. పాత యుగళగీతంలో సాధారణంగా పెండ్లికాని జంట తోటల్లో తిరిగేది. ఇక్కడ పెండ్లయిన జంట. మగవాడు తన గోడు చెప్పుకుంటాడు, ఇల్లాలు ఆటపట్టిస్తుంది. ఆ ఆటపట్టింపుకు సభా వేదిక నేర్పిన దిటవు సరిగ్గా అతికింది. పాట కోట్లమందికి నచ్చడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక అసలు ప్రశ్న. ఆ పాటలోని గోదారి ఎక్కడిది? చిత్రకథలో ఆ దంపతులు ఉండేది రాజమండ్రిలో. పాట నుడికారమూ ఆ తీరానిదే. తెలుగు సినిమాకు గోదావరి అంటే చాలాకాలంగా పాపికొండలు, లంకలు, కొబ్బరితోటలు. అదే నది రాజమండ్రి చేరకముందు మా ఊరి పక్కనుండి పోతుంది. ఊరి పేరులోనే నదీ ఉంది, గనీ ఉంది. 1960ల నుండి ఇక్కడ బొగ్గుబాయిలు తెరుచుకున్నకొద్దీ చుట్టుపక్కల జిల్లాల పల్లెలు వదిలి వచ్చిన జంటలు ఈ గట్టునే కాపురాలు పెట్టాయి. గొంతు ఇక్కడిది తీసుకున్న పాట, గట్టును మాత్రం అక్కడిదే ఉంచుకుంది.

దీనికి సినిమావారిని తప్పుపట్టి ఊరుకుంటే మనకు సుఖంగానే ఉంటుంది. వ్యాపారం తనకు కావలసింది తీసుకుంటుంది. మనమేం చేశాం? బొగ్గుబాయి మీద మన పత్రికల్లో సమ్మె పాటలున్నాయి, ప్రమాదాల్లో చనిపోయినవారి మీద స్మృతిగీతాలున్నాయి. అవి అవసరమైనవే. కాని కార్మికుడూ అతని భార్యా ఒకరితో ఒకరు మాట్లాడుకునే పాట మన పుటల్లో ఎంత అరుదు! ప్రేమను సినిమాకు వదిలేసి, పోరాటాన్ని మనం ఉంచుకున్నాం. శ్రామికుని జీవితాన్ని ఇలా రెండు ముక్కలు చేసే హక్కు మనకెవరిచ్చారు?

బరాత్ ముందుకు కదిలాక ఆ ముసలమ్మను అడిగాను, మీ వయసులో మీ ఇద్దరికీ ఏ పాట ఇష్టమని. ఆమె నవ్వింది. “మాకు పాటెక్కడిది కొడుకా! ఆయన రాత్రి షిఫ్టుకు బాయిల దిగితే నాకు కన్నంటకపోయేది. పొద్దుగాల సైరన్ కూస్తే లేశి పొయ్యి ముట్టిచ్చేది. ఆయనొచ్చి మసి మొకంతోని నవ్వితే గప్పుడు పానం నిమ్మలమయ్యేది.”

ఆ నాలుగు మాటల్లో ఒక యుగళగీతానికి చాలినంత సామగ్రి ఉంది. ఇంటికి వచ్చి వాటిని ఆమె అన్నట్టే రాసుకున్నాను. ఆమె భర్త గొంతు ఇంకా నా దగ్గర లేదు. వచ్చే ఆదివారం ఆ క్వార్టరుకు మళ్లీ వెళ్తున్నాను. సాహిత్య విద్యార్థులు ఒకరిద్దరు వెంట వస్తే సంతోషం.